మలావీ కాన్పుల వార్డులో మా చర్చి టీము

ఆఫ్రికాలో ఉన్న మలావీ నుంచి తిరిగొచ్చాక చర్చిలో కనబడ్డ ప్రతివాళ్ళూ అడుగుతున్నది ఒకటే, "ఎన్ని పురుళ్ళు పోశావమ్మా?" అని. ఒక్కటీ పొయ్యలేదండీ. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునే మనిషిని, నర్సింగ్ చదవలేదు, నా చేత పురుడు పోయించుకోవాల్సిన ఖర్మ ఏ ఆడమనిషికీ పట్టకూడదు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ మొహం కొంచెం వాడిపోతుంది, మరి కాన్పుల ఆసుపత్రికని అంత దూరం ఎందుకు వెళ్ళినట్టు అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

మేముండేది డాలస్ పక్కన. మా తెలుగు చర్చి చిన్నది. దగ్గర్లో ఉన్న పెద్ద అమెరికన్ చర్చివాళ్ళు మిషన్ ట్రిప్, అంటే వేరే దేశానికి సేవాయాత్ర, వేసినప్పుడు మమ్మల్నీ కలుపుకుంటారు. 2025 వేసవికి మలావీ అన్నారు. అడిస్ అబాబా మీదుగా మలావీ రాజధాని లిలాంగ్వే, అక్కడి నుంచి సాలిమా వెళ్ళే రోడ్డు మీద కొంత దూరం పోయి, మట్టిరోడ్డు పట్టుకుని లోపలికి వెళ్తే ఒక మిషన్ హెల్త్ సెంటర్. ఓపీ, పిల్లల టీకాలు, కాన్పుల వార్డు, అంతే. ఆపరేషన్ థియేటర్ లేదు, సిజేరియన్ అవసరమైతే జిల్లా ఆసుపత్రికి పంపాల్సిందే. అక్కడ కూడా కత్తి పట్టేది చాలామటుకు ఎంబీబీఎస్ డాక్టర్లు కాదు, క్లినికల్ ఆఫీసర్లు అని మూడేళ్ళ డిప్లొమా, ఆ తర్వాత ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ చేసినవాళ్ళు. దేశంలో సిజేరియన్లలో ఎక్కువ భాగం వాళ్ళ చేతుల మీదే జరుగుతాయి. మన డాక్టర్లు వింటే గొడవ చేస్తారేమో గానీ, వాళ్ళే లేకపోతే ఆ తల్లులకి ఎవరూ లేరు.

మా అమ్మ ప్రకాశం జిల్లాలో ఏఎన్ఎంగా చేసి రిటైరైంది. బయల్దేరేముందు ఫోన్ చేస్తే దీవెనలు ఇస్తుందనుకున్నా. "వాళ్ళు చెప్పింది చెయ్యి, నీకు తోచింది చెయ్యమాక," అంది. ఆ ఒక్క మాట మా టీములో అందరికీ ముందే చెప్పి పంపించి ఉంటే సగం తలనొప్పులు తగ్గేవి.

ముందు సూట్‌కేసుల సంగతి. మనిషికి రెండేసి చొప్పున అన్నీ కానుకలే. చర్చిలో పెద్దావిడలు నెలల తరబడి అల్లిన ఉన్ని టోపీలు, దుప్పట్లు, గ్లోవ్స్, ఎవరో డాక్టరుగారు ఇచ్చిన మందులు, డబ్బా పాలు. అక్కడి సిస్టర్ ఇంచార్జ్, అంటే హెడ్ నర్సు, మాకు స్వాగతం చెప్పి, టీ ఇచ్చి, చాలా మర్యాదగా సామాన్ల గది తాళం తీసి చూపించింది. మాకంటే ముందు వచ్చి వెళ్ళిన టీములు వదిలిపెట్టిన అట్టపెట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. అందులో ఒక పెట్టె నిండా టోపీలే.

టోపీలు పనికిరావని కాదు. జూన్, జూలై అక్కడ చలికాలం, పొద్దున్నపూట చలి ఎముకల్లోకి పోతుంది. పైగా నెలలు నిండకుండా పుట్టే పిల్లలు మలావీలో ఎక్కువ. 2012లో వచ్చిన ప్రపంచ అంచనాల్లో నూటికి 18 మంది అని లెక్క తేలింది, అన్ని దేశాల్లోకీ అదే ఎక్కువ. అలాంటి పిల్లల్ని తల్లి గుండెలకి ఆనించి గుడ్డతో కట్టి ఉంచే కంగారూ పద్ధతిని జోంబా సెంట్రల్ హాస్పిటల్లో 1999లోనే మొదలుపెట్టారు. కాబట్టి టోపీ కావాలి. కానీ ఉన్నవే వాడి వాడి అయిపోవట్లేదు, లేనిదేమో అంబులెన్సులోకి డీజిల్. మేం వెళ్ళినప్పుడు దేశంలో డాలర్లకి కటకట, అందుకని పెట్రోలు, డీజిల్‌కీ కటకట, బంకుల దగ్గర బారులు. సూట్‌కేసులో డీజిల్ తీసుకెళ్ళలేం కదా, టోపీలైతే తీసుకెళ్ళొచ్చు, అందుకే తీసుకెళ్తున్నాం అని నాకు అనిపించింది.

నాకు అప్పజెప్పిన పని ఆ గది. రికార్డులన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి గనుక నేను పనికొచ్చాను. ఒక్కో పెట్టె విప్పడం, ఏముందో రాయడం, గడువు తేదీ చూడటం, మూడు కుప్పలు చెయ్యడం. అమెరికా కరెంటుకి పనిచేసే మెషీన్లు కొన్ని ఉన్నాయి, అక్కడి కరెంటు ఇండియాలో లాగే 230 వోల్టులు, ప్లగ్గు పెడితే కాలిపోతాయి. గ్లోవ్స్ ఎనిమిదిన్నర సైజు పెట్టెలకి పెట్టెలు, సిస్టర్లకి కావలసింది ఆరున్నర, ఏడు. మందుల్లో చాలావాటికి గడువు దాటిపోయింది, కొన్నిటికి వచ్చేటప్పటికే దాటిందట. దానం ఇచ్చే మందులకి చేరేనాటికి కనీసం ఏడాది గడువు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలోనే రాసిపెట్టింది. గడువు దాటిన మందుని చెత్తలో పారెయ్యడానికి ఉండదు. లెక్క రాయాలి, విడిగా దాచాలి, పైవాళ్ళకి చెప్పి పద్ధతి ప్రకారం నాశనం చేయించాలి. అంటే మనం ఇక్కడ అల్మరా ఖాళీ చేసుకుని పుణ్యం అనుకున్నది అక్కడ రాత్రి డ్యూటీ దిగిన సిస్టర్ నెత్తిన పని.

డబ్బా పాలయితే సిస్టర్ ఇంచార్జ్ పెట్టెలోంచి బయటికి కూడా తియ్యనివ్వలేదు. 1981 నుంచీ వీటి ప్రచారం మీద అంతర్జాతీయ నియమావళి ఉంది. అక్కడ హెచ్‌ఐవీ ఉన్న తల్లి కూడా మందులు వేసుకుంటూ తన పాలే ఇస్తుంది. గర్భిణికి హెచ్‌ఐవీ అని తేలగానే వేరే పరీక్షల కోసం ఆగకుండా జీవితాంతం మందులు ఇచ్చే పద్ధతిని 2011లో ప్రపంచంలో అందరికంటే ముందు మొదలుపెట్టింది మలావీనే. ఈ సంగతి నాకు అక్కడికి వెళ్ళేదాకా తెలీదు. మా టీము మీటింగుల్లో కూడా ఎవరూ చెప్పలేదు, వాళ్ళకి ఏమేం లేవో మాత్రం స్లయిడ్లు వేసి మరీ చెప్పారు.

మా టీములో కాలేజీ అమ్మాయి ఒకతె ఉంది, మెడిసిన్‌కి అప్లై చెయ్యబోతోంది. వచ్చిన దగ్గర్నుంచీ "నేను ఒక బిడ్డని పట్టుకోవచ్చా" అని అడుగుతూనే ఉంది, అంటే కాన్పు చెయ్యొచ్చా అని. సిస్టర్ నవ్వి, "మీ టెక్సాస్‌లో నిన్ను చెయ్యనిస్తారా?" అంది. లేదంది. "మరి ఇక్కడ ఎలా చెయ్యనిస్తాం?" అని తన పనిలో తను పడిపోయింది. ఆ అమ్మాయి మొహం చూస్తే జాలేసింది, ఎందుకంటే తప్పు పూర్తిగా తనది కాదు, ట్రిప్ గురించి ఇచ్చిన కాగితంలోనే స్వయంగా అనుభవం పొందండి అని రాశారు. ఎవరి ఒంటి మీద పొందే అనుభవం అది? తెల్లవాళ్ళు అడిగితే కాదనడం అక్కడ అంత తేలిక కాదు. నిధులు ఇచ్చే చర్చివాళ్ళు, అతిథులు. ఆ సిస్టర్ నవ్వుతూ కాదనగలిగింది గానీ, ఆ నవ్వు వెనక ఎంత లెక్క వేసుకుని ఉంటుందో. పాపం ఆ అమ్మాయి మాత్రం మర్నాటి నుంచి రబ్బరు బూట్లు, ఏప్రన్లు కడిగి ఆరేసే పనిలో దిగి, నేను చూసినంతలో మా అందరికంటే ఎక్కువ చాకిరీ చేసింది.

నన్ను అక్కడివాళ్ళు తెల్లవాళ్ళ లెక్కలో వెయ్యలేదు, అదో తమాషా. మలావీలో గుజరాతీ వ్యాపారులు చాలాకాలంగా ఉన్నారు, లిలాంగ్వే పాత టౌనులో బట్టల కొట్లు, హార్డ్‌వేర్ కొట్లు వాళ్ళవే. అందుకని ఇండియా మొహం కనబడగానే కొట్టుగలామె అనుకుంటారు. వార్డులో ఒక పెద్దామె నా దగ్గరికొచ్చి బట్ట గజం ఎంత అన్నట్టు అడిగింది, సిస్టర్ తర్జుమా చేసి పగలబడి నవ్వింది.

కాన్పుకి వచ్చే తల్లి చేతిలో ఒక ప్లాస్టిక్ బేసిను ఉంటుంది, అందులో నల్ల ప్లాస్టిక్ షీటు, కొత్త బ్లేడు, రెండు మూడు చితెంజెలు. చితెంజె అంటే వాళ్ళు నడుముకి చుట్టుకునే రంగు రంగుల నూలుగుడ్డ. పిల్లని వీపున కట్టుకోవడానికి, చుట్టడానికి, తుడవడానికి, పరుచుకోవడానికి అన్నిటికీ అదే. ఇంకో చేతిలో హెల్త్ పాస్‌పోర్ట్ అనే చిన్న పుస్తకం. మన మాతా శిశు కార్డు లాంటిదే గానీ, అక్కడ ఆడా మగా అందరికీ ఉంటుంది, రోగం చరిత్రంతా మనిషి దగ్గరే ఉంటుంది, ఆసుపత్రిలో కాదు. వెంట వచ్చే అత్తనో అక్కనో గార్డియన్ అంటారు. వాళ్ళకి ఆవరణలోనే ఒక షెడ్డు, అక్కడే మూడు రాళ్ళ పొయ్యి మీద న్సీమా వండుతారు. మొక్కజొన్న పిండితో చేసే ఈ న్సీమా అచ్చం మన సంకటిలా ముద్ద చేసుకుని ఆకుకూరతోనో ఎండు చేపలతోనో తినడమే. నాకు పెట్టిన మొదటి పూటే చేత్తో ముద్ద చేసుకుని తింటుంటే చుట్టూ చేరి చూశారు, మా టీములో మిగతావాళ్ళు స్పూన్లు వెతుక్కుంటున్నారు మరి.

నెలలు నిండినవాళ్ళు ముందే వచ్చి ఉండటానికి వార్డు వెనకాల వేరే ఇల్లు ఉంది. దూరపు ఊళ్ళ వాళ్ళు నొప్పులు మొదలయ్యాక బయల్దేరితే సైకిలు మీదో ఎడ్లబండి మీదో దారిలోనే ప్రసవం అయిపోతుంది. జాయిస్ బాండా ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు 2012లో తల్లుల ప్రాణాల కోసం ఒక కార్యక్రమం పెట్టి, ఇలాంటి ఇళ్ళు కట్టించడం, ఊరి పెద్దల్ని ఇందులోకి లాగడం చేశారు. కొన్ని ఊళ్ళలో పెద్దలు ఇంకో అడుగు ముందుకేసి, ఇంట్లో కాన్పు చేసుకుంటే మేకో కోడో జరిమానా అని కట్టుబాటు పెట్టారు. మంచికే పెట్టి ఉండొచ్చు గానీ, ఆసుపత్రికి చేరలేని పేదరాలి దగ్గర మేక లాక్కోవడం ఏం న్యాయమో నాకు మింగుడు పడలేదు. అమ్మకి చెప్తే, "మనవాళ్ళు డబ్బులిచ్చి పిలిచారు, వాళ్ళు మేకని పట్టుకుపోయి పిలుస్తున్నారు, అంతేగా," అని తేల్చేసింది. 108 వచ్చేదాకా మా అమ్మ కూడా ఎడ్లబండ్ల వెంట, ట్రాక్టర్ల వెంట తిరిగినావిడే కాబట్టి ఆ దారుల గురించి నేను కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేకపోయింది.

ఒక రాత్రి మాత్రం చెప్పాలి. రాత్రి డ్యూటీలో ఒక సిస్టరు, ఒక ఆయా. కరెంటు లేదు. కాన్పుల గదిలో గోడకి బిగించిన పసుపు పచ్చ సోలార్ సూట్‌కేసు, అంటే ఎండతో చార్జయ్యే బ్యాటరీ పెట్టె, దాని మీద లైట్లు వెలుగుతున్నాయి. లారా స్టాకెల్ అనే అమెరికన్ కాన్పుల డాక్టరు 2008లో నైజీరియాలో ఆసుపత్రులు చీకట్లో పనిచెయ్యడం చూసి వచ్చి మొదలుపెట్టిన పని అది. విదేశాల నుంచి వచ్చిన సామాను అంతా దండగ అని నేను అనట్లేదు, ఇలాంటిది ఒక్కటి ఉంటే చాలు. ఒకామెకి బిడ్డ పుట్టి, మాయ పడ్డాక రక్తం ఆగట్లేదు. పక్క మంచం మీద ఇంకొకామె ప్రసవానికి సిద్ధంగా ఉంది. సిస్టర్ నన్ను లోపలికి పిలిచి, గోడ గడియారం చూపించి, "నేను చెప్పింది, టైముతో సహా రాయి, ఏదీ ముట్టుకోకు," అంది. టీకాల ఫ్రిజ్ లోంచి రక్తం ఆగడానికిచ్చే ఆక్సిటోసిన్ మందు తెమ్మని ఆయాకి చెప్పింది. ఆ మందు చల్లగా లేకపోతే పనితనం పోతుంది, అందుకే కరెంటు పోయిన ప్రతిసారీ ఆ ఫ్రిజ్ గురించే వాళ్ళ టెన్షన్. పొట్ట మీద చెయ్యి పెట్టి గర్భసంచి గట్టిపడేదాకా మర్దనా చేస్తూనే, రెండో సెలైన్, మూత్రం గొట్టం, ఒకదాని తర్వాత ఒకటి చెప్తోంది, నేను రాస్తున్నా. కంగారుగా ఉన్నప్పుడు ఏ మందు ఎప్పుడు ఇచ్చారో ఎవరికీ గుర్తుండదు. జిల్లా ఆసుపత్రికి పంపాల్సి వస్తే అక్కడివాళ్ళు మొదట అడిగేది ఆ కాగితమే. అంబులెన్సు డ్రైవర్ని లేపారు గానీ, పంపే అవసరం లేకుండానే రక్తం తగ్గింది. అంతసేపూ ఆ తల్లి నోట్లోంచి ఒక్క కేక లేదు. అక్కడ నొప్పులప్పుడు అరవడం నామోషీగా చూస్తారు, పళ్ళ బిగువున భరిస్తారు. నాకు ఇది గొప్పగా అనిపించలేదు, భయమేసింది, అరవని మనిషికి ఎంత నొప్పి ఉందో ఎలా తెలుస్తుంది?

తెల్లారాక అమ్మకి చెప్తే రక్తం ఎంత పోయిందని అడిగింది. ఎవరు కొలిచారు, గుడ్డలు చూసి అనుకోవడమే. "మేమూ అంతే, తడిసిన గుడ్డలు చూసి చెప్పేవాళ్ళం, ఎప్పుడూ తక్కువే చెప్పేవాళ్ళం," అంది. ఇప్పుడు గీతలు ఉన్న ప్లాస్టిక్ సంచిని తల్లి కింద పరిచి రక్తం ఎంతో కొలిచే పద్ధతి వచ్చింది. కెన్యా, నైజీరియా, టాంజానియా, దక్షిణాఫ్రికాల్లో దాన్ని వాడి, రక్తస్రావం ముందే కనిపెట్టి వైద్యం మొత్తం ఒకేసారి మొదలుపెడితే, తీవ్రమైన కేసులు సగానికి పైగా తగ్గాయని 2023లో తేలింది. ఆ సంచి వెల చాలా తక్కువ. మా సూట్‌కేసుల్లో ఒక్కటి కూడా లేదు.

నాకు అంకెల పిచ్చి, అందుకని సాయంత్రాలు వివరాలు వెతుక్కునేదాన్ని. మలావీలో లక్ష కాన్పులకి చనిపోయే తల్లులు 2004 సర్వేలో 984 మంది. 2010లో 675. 2015-16లో 439. అదే కాలంలో ఆసుపత్రిలో జరిగే కాన్పులు నూటికి 57 నుంచి 91కి పెరిగాయి. మన వైపు 2018-20 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43, కాబట్టి వాళ్ళు వెళ్ళాల్సిన దూరం ఇంకా చాలా ఉంది, కానీ సగానికి పైగా తగ్గించుకున్నారు కదా. అది టోపీలతో రాలేదు. అక్కడి నర్సుల జీతాలు పెంచి, కొత్తవాళ్ళని చదివించి, హెచ్‌ఐవీ మందులు ఇచ్చి, మిషన్ ఆసుపత్రుల్లో కాన్పు ఖర్చు ప్రభుత్వమే కట్టేలా ఒప్పందాలు చేసుకుంటే వచ్చింది. అందులో విదేశీ డబ్బు కూడా చాలానే ఉంది. 2025 జనవరిలో మన అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం ఒక్కసారిగా నిలిపేసింది. మేం వెళ్ళేసరికి హెచ్‌ఐవీ పరీక్షల దగ్గర ఉండాల్సిన కొందరు ఉద్యోగాలు పోయి ఇళ్ళకి వెళ్ళిపోయారు, వాళ్ళ పని కూడా సిస్టర్ల మీద పడింది. ఒక చేత్తో అది ఆపి, అదే ఏడాది ఇంకో చేత్తో మేం టోపీలు మోసుకెళ్ళాం. మా టీములో ఈ మాట ఎత్తితే రాజకీయాలు వద్దన్నారు.

మిషన్ అంటేనే దండగ అనేవాళ్ళకి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మా అమ్మమ్మ కాన్పులు గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలోనే జరిగాయి. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ లేడీ డాక్టరు 1883లో గుంటూరు వచ్చింది. విచిత్రం ఏంటంటే, అప్పటికి ఆమెని పంపిన మిషన్ బోర్డుకి వైద్యం చేయించే ఉద్దేశమే లేదు, ఆడపిల్లలకి చదువు చెప్పమని పంపారు. ఆమె చదువు చెప్తూనే వైద్యం మొదలుపెట్టి, 1898కి ఆసుపత్రి తెరిపించి, 1930లో గుంటూరులోనే చనిపోయింది. నలభై ఏడేళ్ళు! తెలుగు నేర్చుకుని, ఇక్కడి ఎండలు పడి, ఇక్కడి ఆడపిల్లలకే పని నేర్పి. మేమో, ఆఫీసులో పెట్టిన సెలవు అయిపోగానే విమానం ఎక్కేశాం. రెండిటికీ మిషన్ అనే పేరే వాడుతున్నాం.

తిరిగొచ్చాక కమిటీ మీటింగులో నేను చెప్పింది ఇది: వచ్చేసారి ఇంతమంది వద్దు, ఒకరో ఇద్దరో వెళ్ళండి, వెళ్తే నర్సులే వెళ్ళండి, అదీ అక్కడి సిస్టర్లు రమ్మన్నప్పుడే. మిగతావాళ్ళ టికెట్ డబ్బులు డీజిల్‌కీ, రాత్రి డ్యూటీకి ఇంకో మనిషి జీతానికీ పంపుదాం. కోశాధికారిగారు వెంటనే ఒక మాట అన్నారు, "అమ్మా, చూసి వచ్చినవాళ్ళే ఇస్తారు, చూడకుండా ఎవరూ పైసా తియ్యరు, నువ్వు కూడా వెళ్ళొచ్చాకే గదా ఇంత మాట్లాడుతున్నావు." నిజమే, దానికి నా దగ్గర సమాధానం లేదు. వాదన ఇంకా నడుస్తోంది, బిర్యానీ వచ్చాక వాయిదా పడింది.

ఈలోగా వెళ్ళేవాళ్ళు ఎలాగూ వెళ్తారు కాబట్టి, సిస్టర్‌ని వాట్సాప్‌లో అడిగి తెలుసుకున్నది చెప్తున్నా. గ్లోవ్స్ ఆరున్నర, ఏడు సైజులు. గీతల సంచులు. సెకన్ల ముల్లు ఉన్న గోడ గడియారాలు, వాటికి బ్యాటరీలు. మందులు వద్దు, డబ్బు పంపితే అక్కడే కొనుక్కుంటారు. బేసిన్లు, చితెంజెలు లిలాంగ్వేలోనే కొనండి, కొట్టువాడికీ నాలుగు డబ్బులు వస్తాయి, మీ సూట్‌కేసూ తేలికవుతుంది. పసిపిల్లల ఫోటోలు తల్లిని అడక్కుండా తియ్యకండి, అడిగినా ఫేస్‌బుక్‌లో పెట్టకండి. నీళ్ళు మొయ్యడానికి సిద్ధపడి వెళ్ళండి, బోరింగు వార్డుకి బాగా దూరం.